మూడో పెట్టె

సెప్టెంబర్ 9

ఈ డైరీని నందికొట్కూరులో ఎరువుల అంగడివాళ్లు ఆయనకు ఊరకే ఇచ్చారు. ఏడాది సగం దాటిపోయింది కాబట్టి ఇచ్చినట్టున్నారు. ఆయనకు చదువు రాదు. తెచ్చి నా ఒడిలో వేసి, "ఏడో తరగతి దాకా చదివినావు గదా, రాసుకో. మా అమ్మతో చెప్పలేనివి, నాతో చెప్పలేనివి దీనికి చెప్పు" అన్నాడు.

నాకు ఎవరితోనూ చెప్పడం రాదు. పెళ్లయి పది నెలలైనా ఈ ఊళ్లో ఇంకా తలెత్తి నడవడం చేతకాలేదు. మాది కోడుమూరు పక్క. అక్కడ ఎటు చూసినా చేలే, అడవి అనేది చూసి ఎరుగను. ఇక్కడ రేగుకొట్టాలలో మా ఇల్లే ఊరికి చివరిది. దొడ్డి గోడ దాటితే వంక, వంక దాటితే నల్లమల.

ఆయన పేరు రాయను. మా అత్త భీమక్క నోట రోజుకు వందసార్లు వింటాను. అది చాలు.

సెప్టెంబర్ 11

వంక గట్టు పొడుగునా అడవిశాఖ వాళ్లు ఐదు పెట్టెలు పెట్టారు. పోయినేడు గుడ్డెలుగు ఒకాయన చెయ్యి కొరికిందట, అందుకని. స్తంభానికి బిగించిన ఆకుపచ్చ పెట్టె, టిఫిను డబ్బా అంత ఉంది. వాన పడకుండా పైన రేకు టోపీ. మూడోది సరిగ్గా మా దొడ్డికి ఎదురుగా, వంక అవతల ఉంది.

వాటిని చూసుకునేవాడు గోపన్న. అడవిశాఖలో కాంట్రాక్టు ఉద్యోగం. మా వాకిట్లో నిలబడి అందరికీ చెప్పాడు.

"ఇది ఫొటోలు తీసేది కాదు. ఒంట్లో వేడి ఉండేది ఏదన్నా ముందర కదిలితే దీనికి తెలుస్తాది. వైరు లేకుండానే బడి మిద్దె మీద సైరన్‌కు చెప్తాది. ఐదు ఫోన్లకు మెసేజ్ పోతాది."

"గుడ్డెలుగా, మనిషా అని తెలుస్తాదా?" అని అత్త అడిగింది.

"అంత తెలివి ల్యా పెద్దమ్మా. అందుకే పొద్దుగుంకే టయానికి ఆ పక్క ఎవురూ నడవాకండి. రోడ్డు మీద చుట్టు తిరిగి రండి."

"అంత తెలివి లేనిదానికి ఇంత పెద్ద టోపీ ఎందుకప్పా?"

అందరూ నవ్వారు. తరువాత ఆ ఐదు ఫోన్లలో ఒకటి నాది అని తెలిసింది. చివరి ఇల్లు, పైగా చదవడం వచ్చు. మెసేజ్ రాగానే తక్కిన నలుగురికీ ఫోన్ చేసి, బయటికి వచ్చి కేక వేయాలట. 

"మా ఉరుకుందు కేకేస్తే ఎలుగు కాదు గదా, దోమ గూడా లేవదు" అన్నాడు ఆయన, నా పేరు పెట్టి, అందరి ముందరా.

సెప్టెంబర్ 16

వరసగా ఐదో రోజు. సాయంత్రం ఆరుంపావు లోపల సైరన్ మోగుతుంది. జనం పిల్లల్ని లోపలికి లాక్కుని తలుపులు వేసుకుంటారు. కట్టెలు పట్టుకుని పోయి చూస్తే ఏమీ ఉండదు. ఎప్పుడూ మూడో పెట్టే.

నేను ఇంకా కేక వేయలేదు. సైరనే మోగుతోంది కదా.

సెప్టెంబర్ 17

అది ఎలుగు కాదు. ఆయనే.

అవతలి ఊళ్లో ట్రాక్టరు తోలి, దాన్ని అక్కడే పెట్టి నడిచి వస్తాడు. రోడ్డు మీద అయితే అరగంట. వంకలో దిగితే పది నిమిషాలు. ఊరకే నడిచి రావడం కూడా కాదు. పెట్టె ముందర నిలబడి మూడుసార్లు చెయ్యి ఊపుతాడట.

"ఎందుకు?" అన్నాను.

"నీ ఫోన్ మోగుతాది గదా. నేనొస్తాండానని తెలుస్తాది. బువ్వ పొయ్యి మీద పెడతావు."

"ఫోనే చేయొచ్చు కదా."

"ఫోన్ చేస్తే నువ్వు మాట్లాడతావా? ఊ అంటావు, పెట్టేస్తావు. దీంట్లో అయితే మాట్లాడే పనే ల్యా."

ఊరంతా భయపడుతోందని చెప్పాల్సింది. చెప్పాలనే నోరు తెరిచాను. నవ్వు వచ్చేసింది. ఆయన కూడా నవ్వాడు. లోపల నుంచి అత్త, "ఏముందిరా అంత నవ్వుడు, నాకూ చెప్పండి" అంది.

సెప్టెంబర్ 24

గోపన్న నిచ్చెన తెచ్చుకుని మూడో పెట్టె విప్పాడు. చుట్టూ గడ్డి కోశాడు. బ్యాటరీ మార్చాడు. నిచ్చెన పట్టుకున్నది ఆయనే. నా పక్క చూడలేదు, చూస్తే నవ్వుతాడు కదా.

ఊరి పెద్ద రామలింగప్ప వచ్చి, "దినామూ ఒకే టయానికి మొత్తుకుంటాండాది. నీ మిషన్‌కు పెండ్లి కాలేదేమో చూడప్పా" అన్నాడు.

గోపన్న మొహం చిన్నబోయింది. ఏం లోపమో తెలియలేదు అతనికి. చివరకు అందరూ కలిసి ఒక మాట అనుకున్నారు. సాయంత్రం ఆరు నుంచి ఏడు వరకు మూడో పెట్టెకు సైరన్ మోగదు. ఫోన్లకు మెసేజ్ మాత్రం వస్తుంది. "ఆ టయానికి వచ్చేది మేం పట్టించుకోంలే" అని తక్కిన నలుగురూ అక్కడే అనేశారు.

ఇంటికి వచ్చాక నేను, "ఇంక వద్దు" అన్నాను. ఆయన సరే అన్నాడు. ఇంత సులభంగా సరే అంటాడనుకోలేదు.

సెప్టెంబర్ 27

మూడు రోజులుగా రోడ్డు మీదుగానే వస్తున్నాడు. ఫోన్ మోగదు. ఎప్పుడు ఎసరు పెట్టాలో తెలియడం లేదు. నిన్న ముందే పెట్టాను, చల్లారిపోయింది. ఇవాళ ఆలస్యమైంది, కూర్చుని ఎదురుచూశాడు.

అన్నం గురించే. ఇంకేం లేదు.

సెప్టెంబర్ 28

నేనే అడిగాను.

అక్టోబర్ 1

ఆరు పది.

అక్టోబర్ 5

ఆరు పన్నెండు. పొద్దు తొందరగా గుంకుతోంది. ఆయన వచ్చేసరికి అన్నం దించి, కాళ్లకు నీళ్లు పెట్టి ఉంచాను. అత్త నన్నే చూస్తూ, "వాడొచ్చేది నీకు ముక్కుతో తెలుస్తాదేమ్మే?" అంది. "ఏమో అత్తా" అన్నాను. ఫోన్ కొంగు కింద ఉంది.

అక్టోబర్ 14

వంక గట్టున సీతాఫలాలు పండాయి. తువ్వాల నిండా తెచ్చాడు. గింజలు ఎవరు దూరంగా ఊస్తారో అని పందెం కాశాం, దొడ్లో. అత్త గెలిచింది.

గోపన్న ఇల్లిల్లూ తిరిగి చెప్పిపోయాడు. పండ్లకు ఎలుగులు దిగుతాయట, ఈ నెల రోజులు జాగ్రత్త అట. ఆయన "ఆ, ఆ" అన్నాడు. నేను కూడా తల ఊపాను.

అక్టోబర్ 22

ఆరు ఎనిమిదికి వచ్చింది. ఇవాళ తొందరగా వస్తున్నాడు. ఎసరు పెట్టి మూడు గ్లాసుల బియ్యం పోశాను. అత్త పాలకు పోయింది. ఆయన వచ్చేలోపల ఇది రాస్తున్నాను.

మళ్లీ వచ్చింది. ఆరు పద్నాలుగు. రెండుసార్లు ఎందుకో. పండ్లు కోసుకుంటూ అటూ ఇటూ తిరుగుతున్నాడేమో. రానీ, అడుగుతాను.

అన్నం ఉడికింది. గంజి వార్చాలి.

నవంబర్ 3

దినాలు అయిపోయాయి.

నవంబర్ 4

మూడో పెట్టె స్తంభానికి ఇరవై అడుగుల దూరంలో ఉన్నాడట. పిల్లను వెంటబెట్టుకున్న ఎలుగు సీతాఫలం గుబుర్లో ఉందట. నన్ను దగ్గరికి పోనివ్వలేదు. చూడగలిగే మొహం కాదన్నారు. తువ్వాల మాత్రం తెచ్చి ఇచ్చారు. దాంట్లో నాలుగు పండ్లు ఉన్నాయి.

రేంజర్ సారు వచ్చి అత్తను అడిగి, నన్ను అడిగాడు. ఫోన్ చార్జింగులో పెట్టి దొడ్లో ఉన్నాను. మెసేజ్ చూడలేదు. అదే చెప్పాను. అదే జరిగింది.

నవంబర్ 5

ఫోన్ చార్జింగులో ఉంది.

నవంబర్ 6

ఆ సాయంత్రం కరెంటు ల్యాకపాయె గదా అని అత్త దేనికో అంది. నా గురించి కాదు, పక్కింటి మోటారు గురించి. నేను ఉందన్నాను. "యాడుండాది? లాంతరు పట్టుకునే గదా పోయినాం" అంది.

ఉంది. కొంచెంసేపు ఉండి పోయింది.

నవంబర్ 9

గోపన్న వచ్చాడు. నేను లోపల మూలన కూర్చున్నాను. ఇంకా బయటికి రాకూడదు నేను. తలుపు సందులోంచి అతని చెప్పులు కనిపించాయి. గడప బయటే విప్పి, అత్త కాళ్ల దగ్గర నేల మీద కూర్చున్నాడు.

"నా తప్పే పెద్దమ్మా. సైరన్ ఆపింది నేనే. ఊరు అడిగింది, ఆపినా. ఆపకుండా ఉండింటే నీ కొడుకు బతికేటోడు."

 అత్త అనడం మొదలుపెట్టింది.

"నీ పిల్లోల్లు నీకుండారు గదరా. సాయంత్రమైతే నువ్వు ఇంటికి పోతాండావు గదా. నీ పెండ్లాం నీకు బువ్వ పెడతాది గదా. నా కోడలికి ఇరవై ఒక్క ఏండ్లు. దాని మొగం చూసి చెప్పు, ఆ డబ్బా నేనే ఆపినానని. చెప్పుపో."

అతను లేచి లోపలి తలుపు దాకా వచ్చాడు. నేను మోకాళ్లలో తల పెట్టుకున్నాను.

"తప్పయింది చెల్లెలా. ఆ డబ్బాకు ఏం రోగమో నాకు యెరికే కాలేదు" అన్నాడు.

అన్నా, ఆ డబ్బాకు ఏ రోగమూ లేదు. ఇది ఇప్పుడు రాస్తున్నాను. అప్పుడు అనలేదు.

నవంబర్ 10

ఊరివాళ్లు ఒకటో పెట్టె, రెండో పెట్టె పీకి బడి ముందర పారేశారు. పనికిరానివి ఉంటే ఎంత, పోతే ఎంత అని. బుధవారం విచారణ. గోపన్నను ఉద్యోగంలోంచి తీసేస్తారని పక్కింటావిడ చెప్పింది. "తియ్యల్ల, తీస్తేనే బుద్ధొస్తాది" అంది అత్త. కొడుకు పోయినప్పటి నుంచి ఆమె గట్టిగా మాట్లాడేది గోపన్న గురించి ఒక్కటే. అది కూడా లేకపోతే ఆమెకేం మిగులుతుంది అనిపించింది. దాని కోసమే చెప్పడం లేదు నేను. ఆమె కోసమే.

నవంబర్ 11

పొద్దున అక్టోబర్ 22 పేజీ తీశాను. తీయకూడదనుకున్నాను.

అది నేను రాసిందే. నా అక్షరాలే. ఆరు ఎనిమిది. ఇవాళ తొందరగా వస్తున్నాడు.

ఆరు ఎనిమిదికి వచ్చింది ఎలుగు. ఆరు పద్నాలుగుకు వచ్చింది ఆయన. మధ్యలో ఆరు నిమిషాలు. ఆయన చొక్కా జేబులో బటన్ ఫోన్ ఉంది. నేను ఒక్క నొక్కు నొక్కితే, "ఎక్కడున్నావు" అంటే, "ఇంకా వంకలో దిగలేదు, ఎందుకే?" అనేవాడు. అప్పుడు నాకు తెలిసేది. ఆరు నిమిషాలూ నేను బియ్యం కడిగాను. బియ్యం కడగడానికి ఆరు నిమిషాలు పట్టదు. మిగతాది నవ్వుకుంటూ ఇక్కడ రాశాను.

ఆయన మానేశాడు. నేనే మళ్లీ అడిగాను. దానికి కూడా పేజీ ఉంది. రెండు మాటలే ఉన్నాయి ఆ పేజీలో.

ఫోన్ చార్జింగులో లేదు. కొంగు కింద ఉంది.

నవంబర్ 12

అత్త పొయ్యి దగ్గర కూర్చుని ఉంటే ఎదురుగా పోయి కూర్చున్నాను. నోటితో చెప్పలేకపోయాను. డైరీ తెరిచి చదివాను. సెప్టెంబర్ పదిహేడు చదివాను. ఇరవై ఎనిమిది చదివాను. అక్టోబర్ ఇరవై రెండు చదివాను.

మొదట అర్థం కాలేదు ఆమెకు. "చెయ్యి ఊపేదేంది?" అంది. చెయ్యి ఊపి చూపించాను. మూడుసార్లు. నా చేతికి గాజులు లేవు, చప్పుడు కాలేదు.

అత్త నా చేతిని చూస్తూనే ఉంది.

"అంటే దినామూ ఆ డబ్బా మోగించింది నా కొడుకేనా?"

"అవునత్తా."

"ఆ పొద్దు నీకు తెలిసినాదా?"

"ఆయనే అనుకున్నా."

లేచి కొట్టంలోకి పోయింది. కొట్టి ఉంటే బాగుండేది. అన్నం దించి పిలిచాను. రాలేదు. నేనూ తినలేదు.

నవంబర్ 13

బడి ముందర విచారణ. మంచం వేసి రేంజర్ సారును కూర్చోబెట్టారు. గోపన్న చేతులు కట్టుకుని పక్కన నిలబడ్డాడు. నేను కొంగు నెత్తిన కప్పుకుని, ఇంటి నుంచి అక్కడిదాకా నడిచిపోయాను. ఆడవాళ్లు పక్కకు జరిగారు. ఈ మనిషి ఎందుకొచ్చింది అన్నట్టు చూశారు.

"ఆ రోజు మూడో పెట్టె నుంచి రెండు మెసేజులు పోయినట్టు రికార్డులో ఉంది. మీరంతా ఏం చేశారు?" అని సారు అడిగాడు.

"సాయంత్రం పూట మూడోదానికి అది మామూలే సారూ. సైరన్ మోగింటే కదా మాకు తెలిసేది. గోపన్న దాన్ని ఆపినాడు" అన్నాడు రామలింగప్ప.

నేను ఏదో అన్నాను. ఎవరికీ వినపడలేదు. సారు, "గట్టిగా చెప్పమ్మా" అన్నాడు. దోమ కూడా లేవదు అన్న మాట గుర్తుకు వచ్చింది.

గట్టిగా చెప్పాను. "డబ్బా మంచిదే. గోపన్న తప్పు ల్యా. నేను రెండు మెసేజులూ చూసినా. చార్జింగులో లేదు ఫోన్. నేను అబద్ధం చెప్పినా."

"చూసి ఎందుకు ఫోన్ చేయలేదు?"

"దినామూ వచ్చే మనిషే అనుకున్నా."

"ఎవరు?"

చెప్పలేకపోయాను. ఇంత చెప్పినదాన్ని ఆ ఒక్క మాట చెప్పలేకపోయాను. పెళ్లయిన రోజు నుంచి నా నోటికి రాని పేరు. ఇప్పుడు చెప్పినా పలికేవాడు లేడు. సారు మళ్లీ, "ఎవరమ్మా?" అన్నాడు. సారుది ఏ ఊరో, నేను ఎందుకు చెప్పడం లేదో అతనికి అర్థం కాలేదు.

వెనక నుంచి అత్త గొంతు వినిపించింది. ఆమె వచ్చినట్టే నాకు తెలియదు.

"మారెన్న సారూ. నా కొడుకు మారెన్న. పెట్టె ముందర చెయ్యి ఊపి పెండ్లానికి కబురు చెప్పేటోడు. అందుకే దినామూ మోగేది. ఇంగ ఆ అబ్బిని ఇడిసిపెట్టండి."

 రామలింగప్ప నేలను చూస్తున్నాడు. గోపన్న అక్కడే గొంతుకు కూర్చుని మొహం కప్పుకున్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు అత్త నాకంటే ముందు నడిచింది. వెనక్కి చూడలేదు.

నవంబర్ 15

మాట్లాడడం లేదు.

నవంబర్ 18

మాట్లాడడం లేదు. నేను వండింది తింటుంది, తన కంచం తానే కడుక్కుంటుంది. ఇవాళ కొట్టంలో ఆయన చొక్కా మడత పెడుతూ కనిపించింది. నన్ను చూసి దాన్ని వెనక్కి పెట్టుకుంది.

మా అమ్మ కోడుమూరు నుంచి ఫోన్ చేసి వచ్చేయమంది. సామాన్లు సర్దుకోమంది. ఊ అన్నాను. పెట్టేశాను.

నవంబర్ 22

గోపన్నకు ఉద్యోగం ఉంది. పీకేసిన పెట్టెలు మళ్లీ బిగిస్తున్నారు. మూడో పెట్టెను వంక మలుపుకు మారుస్తారట. సైరన్ అన్ని వేళల్లోనూ మోగుతుందట. నా నంబరు తీసేయమంటావా అని గోపన్న అడిగాడు. ఉంచమన్నాను.

ఉంచమని చెప్పిన తరువాత గుర్తుకు వచ్చింది, నేను వెళ్లిపోవాలి కదా అని.

నవంబర్ 24

మూడో పెట్టెను కొత్త స్తంభానికి బిగించాక పని చేస్తోందో లేదో చూడాలంటే ఎవరో ఒకరు దాని ముందర నడవాలి. గోపన్న దొడ్డి గోడ దగ్గరికి వచ్చి, "ఎవురన్నా ఒకరు రండి. ఫోన్ మాత్రం ఇంట్లోనే ఉండల్ల, ఈడికి అందుతాందో ల్యాదో చూడల్ల" అన్నాడు. సైరన్‌ను పది నిమిషాలు ఆపి పెట్టాడు.

నేను పోతానన్నాను. ఫోన్‌ను గూట్లో పెట్టాను. అత్త అరుగు మీద వడ్లు చెరుగుతోంది. తల ఎత్తలేదు.

నాలుగు గంటల ఎండ. వంకలో నీళ్లు పాదం తడిసేంత ఉన్నాయి. ఆయన దిగే చోటే దిగాను. సీతాఫలం కొమ్మలు నరికేశారు. పాత స్తంభం ఉన్న గుంత అలాగే ఉంది. కొత్త స్తంభం ముందరికి పోయి నిలబడ్డాను.

నడిస్తే చాలు అన్నాడు గోపన్న, దూరం నుంచి. నేను చెయ్యి ఎత్తి ఊపాను. ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు. ఆయన ఏ చెయ్యి ఊపేవాడో అడగలేదు ఎప్పుడూ. పెట్టెలో చిన్న ఎర్ర దీపం వెలిగి ఆరిపోయింది. నా ఒంట్లో వేడి ఉందని దానికి తెలిసింది.

గోపన్న తన ఫోన్ చూసుకుని, "పోయిందమ్మా, అందింది" అన్నాడు. తరువాత అటు తిరిగి వైర్లు సర్దుతూ ఉండిపోయాడు, నేను ఏడవడం అయిపోయేదాకా.

రోడ్డు మీద చుట్టు తిరిగి వచ్చాను. అరగంట పట్టింది.

వాకిట్లోకి రాగానే పొగ కనిపించింది. అన్నం వండే వేళ కాదు. లోపల అత్త పొయ్యి ముందర కూర్చుని గొట్టంతో ఊదుతోంది. గూట్లో ఉండాల్సిన ఫోన్ ఆమె మోకాలి పక్కన ఉంది. ఆమెకు చదవడం రాదు.

"మోగినాది" అంది, నా పక్క చూడకుండా. "నువ్వొస్తాండావని బువ్వ పెట్టినా."

పక్కన కూర్చున్నాను. కుండలోకి చూశాను. మూడు గ్లాసుల బియ్యం పోసింది. ఇద్దరమే కదా అని నేను అనలేదు.